గీతలు ఇంకా ఉన్నాయి కదా, టైర్లు ఎందుకు మార్చాలి?

ప్రశ్న: మాది సూర్యాపేట. 2019లో కొత్తగా కొన్న పెట్రోలు కారు ఉంది. మా ఆయన ఉద్యోగం ఊళ్లోనే కాబట్టి కారు పెద్దగా తిరగదు. ఇప్పటికి 31 వేల కిలోమీటర్లే అయింది. కారుతో వచ్చిన టైర్లే ఇంకా నడుస్తున్నాయి. మే నెలలో మామయ్యగారు, అత్తయ్యగారు, మా పాపతో కలిసి తిరుపతి వెళ్దామనుకుంటున్నాం. మొన్న గాలి కొట్టించడానికి వెళ్తే షాపతను టైర్ల పక్కన సన్న పగుళ్లు చూపించి నాలుగూ మార్చేయమన్నాడు. మా మరిదేమో 'గీతలు సగానికి పైగా ఉన్నాయి, వాడి వ్యాపారం వాడు చేసుకుంటున్నాడు' అంటున్నాడు. మామయ్యగారు ఏళ్ల తరబడి లారీ నడిపిన మనిషి. 'ఎండాకాలం గాలి రెండు మూడు పాయింట్లు తగ్గించి కొట్టిస్తే ఏమీ కాదు' అంటారు. దారిలో పోలీసులు ఆపితే ఫైన్ పడుతుందా? ఏమైనా జరిగితే ఇన్సూరెన్స్ వాళ్లు డబ్బు ఇవ్వరని కూడా ఎవరో అన్నారు. అప్పటినుంచి నాకు ఒకటే టెన్షన్. నాలుగూ మార్చాలా, రెండు మారిస్తే సరిపోతుందా?
– ఒక పాఠకురాలు, సూర్యాపేట

సమాధానం: మార్చండమ్మా. నాలుగూ మార్చండి. అది కూడా బయల్దేరే ముందు రోజు కాకుండా, రెండు వారాల ముందే మార్చండి. ఏదైనా తేడా ఉంటే ఊళ్లో తిరిగేటప్పుడే తెలిసిపోతుంది. షాపతను తన వ్యాపారం తాను చేసుకుంటూ ఉండొచ్చు, కానీ మీ విషయంలో అతను చెప్పింది నిజమే.

మీ మరిది మాటలో తప్పేమీ లేదు, కాకపోతే అది సగం నిజం. కేంద్ర మోటారు వాహనాల నిబంధనలు, 1989లో 94వ నిబంధన టైర్ల గురించే. కారు టైరు గీతల లోతు 1.6 మిల్లీమీటర్ల కంటే తగ్గకూడదని అందులో ఉంది. బైకులకూ ఆటోలకూ అది 0.8 మిల్లీమీటర్లు. కొలవడానికి స్కేలు కూడా అక్కర్లేదు. టైరు అంచు మీద అక్కడక్కడా చిన్న త్రికోణం గుర్తో, 'టీ డబ్ల్యూ ఐ' అనే అక్షరాలో ఉంటాయి. దానికి నేరుగా గీతల్లోకి చూస్తే అడుగున చిన్న రబ్బరు దిమ్మ కనిపిస్తుంది. టైరు అరిగి అరిగి ఆ దిమ్మతో సమానమైతే దాని పని అయిపోయినట్టే. కొత్త కారు టైరులో లోతు సాధారణంగా ఏడెనిమిది మిల్లీమీటర్లు ఉంటుంది. 31 వేల కిలోమీటర్లకు సగం మిగిలిందంటే నమ్మొచ్చు. కాబట్టి గీతల లెక్కలో మీ టైర్లు చట్టప్రకారం పాసైనట్టే.

అయితే ఒక్క మాట. గీతలు టైరు మధ్యలోనే కాకుండా లోపలి అంచున కూడా చూడమనండి. అలైన్‌మెంట్ (చక్రాల అమరిక) పోయిన కారులో బయటికి కనిపించే వైపు బాగానే ఉండి, చక్రం లోపలి వైపు నున్నగా అరిగిపోతుంది. స్టీరింగ్ పూర్తిగా ఒక పక్కకు తిప్పి పెడితే ముందు టైర్ల లోపలి వైపు కనిపిస్తుంది. వెనక టైర్లకు మాత్రం వంగి చూడక తప్పదు.

మీ మరిది లెక్కలోకి రానిది టైరు వయసు. రబ్బరు వాడినా పాతబడుతుంది, వాడకపోయినా పాతబడుతుంది. ఎండ, గాలిలోని ఓజోన్, వేడి కలిసి దాన్ని బిరుసుగా చేస్తాయి. టైరు పగలకుండా రబ్బరులో కొన్ని రసాయనాలు, మైనం లాంటివి కలుపుతారు. టైరు తిరుగుతూ, వంగుతూ ఉంటేనే అవి పైకి వచ్చి పొరలా కాపాడతాయి. వారానికోసారి బజారుకు వెళ్లొచ్చి మిగతా రోజులన్నీ ఇంటి ముందు ఎండలో నిలబడే కారు టైర్లకు ఆ రక్షణ తక్కువ. అందుకే రోజూ తిరిగే ట్యాక్సీ టైర్లు అరిగిపోయి మారితే, మీలాంటి వాళ్ల కారు టైర్లు అరగకుండానే ముసలివైపోతాయి. కిలోమీటర్లు తక్కువ తిరగడం ఇంజనుకు మేలేమో గానీ టైర్లకు అది సర్టిఫికెట్ కాదు.

వయసు తెలుసుకోవడం తేలిక. టైరు పక్కన 'డీ ఓ టీ' అనే అక్షరాలతో మొదలయ్యే వరుస చివర నాలుగు అంకెలు ఉంటాయి. 2319 అని ఉంటే 2019లో 23వ వారం, అంటే జూన్‌లో తయారైందని అర్థం. ఆ నాలుగు అంకెలు చాలా టైర్లకు ఒక వైపే ఉంటాయి. బయట కనిపించకపోతే లోపలి వైపు ఉన్నట్టే. సొంత కారు టైరు ఇన్నేళ్లకు మించి వాడకూడదని మన చట్టంలో ఎక్కడా లేదు. కంపెనీల సలహా మాత్రం ఉంది. ఐదేళ్లు దాటితే ఏటా నిపుణుడికి చూపించమని, పదేళ్లు దాటితే గీతలు ఎలా ఉన్నా తీసేయమని కొన్ని టైరు కంపెనీలు చెబుతాయి. ఆరేళ్లకే మార్చమనే కార్ల కంపెనీలూ ఉన్నాయి. ఇవి చల్లటి దేశాలను కూడా కలుపుకుని చెప్పిన మాటలు. నల్గొండ, పల్నాడు ఎండల్లో పెరిగిన టైరుకు పదేళ్లు అనే మాటను నేనైతే లెక్కలోకి తీసుకోను.

మీ టైర్లకు వయసొక్కటే కాదు, పగుళ్లు కూడా వచ్చాయి. సన్నటి వెంట్రుకల్లా పైపైన ఉండే పగుళ్లు కొన్నాళ్లకు ప్రతి టైరుకూ వస్తాయి. వాటిని చూసి భయపడక్కర్లేదు. గోరు పెట్టి లాగితే పట్టేంత లోతున్నా, గాలి తగ్గినప్పుడు విచ్చుకున్నట్టు కనిపించినా, టైరు రిమ్మును పట్టుకునే చోట చుట్టూ వరుసగా ఉన్నా ఆ టైరును హైవే ఎక్కించకూడదు. ఉబ్బు ఉంటే అసలు ఆలోచించక్కర్లేదు. గుంతలో పడ్డప్పుడో, డివైడర్ అంచు తగిలినప్పుడో లోపలి దారాలు తెగిపోతే అక్కడ బుడిపెలా లేస్తుంది. ఇక ఆ చోట గాలిని ఆపుతున్నది రబ్బరు ఒక్కటే. ఇలా ఉబ్బిన టైరునూ, లోపలి దారాలు బయటపడ్డ టైరునూ గీతలు ఎంత లోతున్నా బాగున్నట్టు లెక్కించకూడదని అదే 94వ నిబంధన చెబుతోంది. మీ మరిదికి ఈ ముక్క చూపించండి.

ఇక మామయ్యగారి సంగతి. ఇక్కడ కాస్త ఓపిగ్గా చదవండి, ఎందుకంటే ఎండాకాలం టైర్లు పేలడం వెనక ఎక్కువగా ఉండేది ఈ నమ్మకమే. గాలి వేడెక్కితే వ్యాకోచిస్తుంది, టైరులో ఒత్తిడి పెరుగుతుంది, అందుకని ముందే కాస్త తగ్గించి ఉంచితే పేలదు. వినడానికి బాగానే ఉంటుంది. ఆయన లారీ నడిపిన రోజుల్లో ట్యూబులున్న నైలాన్ టైర్లతో, లెక్కకు మించిన లోడుతో వెళ్లి ఉంటారు. ఆ అనుభవాన్ని తక్కువ చేయడానికి లేదు. కానీ టైరును పేల్చేది గాలి ఒత్తిడి పెరగడం కాదు. బాగున్న టైరు, వేడికి పెరిగే ఆ నాలుగైదు పాయింట్లను సులువుగా తట్టుకుంటుంది. టైరును చంపేది దానిలో పుట్టే వేడి. ఆ వేడి ఎక్కువగా పుట్టేది గాలి తక్కువైనప్పుడు.

ఎలాగో చెబుతాను. మీలాంటి కార్లకు ఎక్కువగా వచ్చే 14 అంగుళాల టైరునే తీసుకోండి. గంటకు 100 కిలోమీటర్ల వేగంలో అది నిమిషానికి 850 సార్ల దాకా తిరుగుతుంది. ప్రతి చుట్టుకూ నేలకు ఆనిన చోట టైరు నలిగి, పక్కభాగం వంగి, మళ్లీ లేస్తుంది. గాలి సరిగ్గా ఉంటే ఆ వంపు కొంచెమే. గాలి తగ్గితే అంతకంత ఎక్కువ వంగుతుంది. అంత వేగంగా, అన్నిసార్లు వంగితే రబ్బరు, లోపలి దారాలు వేడెక్కి, వాటిని కలిపి ఉంచే అతుకు వదులుతుంది. కింద రోడ్డు ఇచ్చే వేడి దీనికి తోడు. ఐదుగురు మనుషులు, డిక్కీ నిండా సామాను ఉంటే వంపు ఇంకా ఎక్కువ. చివరికి పైపొర ఊడిపోవడమో, పక్కభాగం చీలిపోవడమో జరుగుతుంది. బయటి నుంచి చూసేవాళ్లకు 'వేడికి గాలి ఎక్కువై పేలింది' అనిపిస్తుంది. నిజానికి ఆ టైరులో తక్కువగా ఉన్నది గాలే.

మరి ఎంత కొట్టించాలి? డ్రైవర్ డోరు తీస్తే పక్కన స్తంభం మీద ఒక స్టిక్కర్ ఉంటుంది. కొన్ని కార్లలో పెట్రోలు మూత లోపల ఉంటుంది. ఖాళీగా వెళ్లేటప్పుడు ఎంత, నిండా మనుషులతో వెళ్లేటప్పుడు ముందు ఎంత, వెనక ఎంత అని అందులో రాసి ఉంటుంది. చిన్న కార్లకు సాధారణంగా 30కీ 35కీ మధ్య వస్తుంది. మీరు వెళ్లేది ఐదుగురు, కాబట్టి ఫుల్ లోడ్ అని ఉన్న అంకె చూడండి. టైరు మీద కూడా ఒక పెద్ద అంకె అచ్చు వేసి ఉంటుంది. అది ఆ టైరు గరిష్ఠంగా తట్టుకునేది మాత్రమే, మీరు కొట్టించాల్సింది కాదు. కొందరు గాలి కొట్టే కుర్రాళ్లు ఏ కారు వచ్చినా 35 పెట్టేసి పంపిస్తారు. మీ అంకె మీరే చెప్పండి.

ఆ స్టిక్కర్ మీద ఉన్నది చల్లటి టైరు లెక్క. పొద్దున్నే, కారు తీయకముందు, లేదా పక్క వీధిలోని బంకు దాకా మాత్రమే వెళ్లినప్పుడు చూడాలి. హైవే మీద గంట నడిపాక అదే టైరు నాలుగైదు పాయింట్లు ఎక్కువ చూపిస్తుంది. కంపెనీ వాళ్లు ఆ పెరుగుదలను కలుపుకునే స్టిక్కర్ వేశారు. అలా వేడి మీద చూసి 'అమ్మో ఎక్కువైంది' అని గాలి తీసేస్తే, రాత్రి చల్లారాక టైరు తక్కువ గాలితో మిగులుతుంది. మర్నాడు అదే టైరుతో మళ్లీ ఎండలోకి వెళ్తారు. మామయ్యగారితో వాదించకండి. చిన్న ప్రెషర్ గేజ్ ఒకటి కొని ఆయన చేతికే ఇవ్వండి. పొద్దున ఒకసారి, ఏ నకిరేకల్ దాకానో వెళ్లొచ్చాక ఒకసారి ఆయన్నే చూడమనండి. టైరును చేత్తో ముట్టి వేడి చూసే అలవాటు లారీ డ్రైవర్లకు ఉంటుంది. గాలి సరిగ్గా ఉన్న టైరుకీ తక్కువున్న దానికీ తేడా ఆయన చేతికే తెలుస్తుంది. అయినా ఒప్పుకోకపోతే ఆయన కోసం తగ్గించామని చెప్పండి, కానీ నిజంగా తగ్గించకండి, అంతే.

గాలి చూడటం నెలకోసారైనా జరగాలి. బంకుల్లో గాలి ఉచితంగా ఇవ్వాలన్నది రూలే కాబట్టి మొహమాటపడక్కర్లేదు. నైట్రోజన్ గురించి మీరు అడగలేదు కానీ కొత్త టైర్లు వేసే చోట తప్పకుండా అడుగుతారు. మామూలు గాలిలోనే 78 శాతం నైట్రోజన్ ఉంది. నైట్రోజన్ నింపితే గాలి కొంచెం నెమ్మదిగా తగ్గుతుంది, అంతకు మించి మీకు ఒరిగేదేమీ లేదు. నింపించుకున్నా నష్టం లేదు. దారిలో అది దొరక్కపోతే మామూలు గాలి కలపొచ్చు.

పోలీసుల విషయానికి వద్దాం. మోటారు వాహనాల చట్టంలో 190వ సెక్షన్ ఉంది. ప్రమాదకరమైన లోపం ఉన్న వాహనాన్ని రోడ్డు మీదికి తీసుకొస్తే 1,500 రూపాయల జరిమానా. ఇది 2019 సవరణలో వచ్చిన మొత్తం, అంతకుముందు 250 రూపాయలు. ఆ లోపం వల్ల ప్రమాదం జరిగి ఎవరికైనా దెబ్బలు తగిలినా, ఆస్తి నష్టమైనా మూడు నెలల దాకా జైలు, లేదా 5,000 రూపాయల జరిమానా, లేదా రెండూ. రోడ్డు మీద అక్కడికక్కడే కట్టించుకునే మొత్తాన్ని రాష్ట్ర ప్రభుత్వాలు నిర్ణయిస్తాయి, అందుకని తెలంగాణలో ఒకలా, ఆంధ్రప్రదేశ్‌లో ఒకలా ఉండొచ్చు. నడిపేవాళ్లకే కాదు, నడపడానికి ఇచ్చినవాళ్లకూ ఇది వర్తిస్తుంది. ఈ సెక్షన్‌లో నేను ముఖ్యమనుకునే మాట వేరే ఉంది. లోపం ఉందని తెలిసి ఉండాలి, లేదా మామూలు శ్రద్ధతో చూస్తే తెలిసేదై ఉండాలి. షాపతను వేలు పెట్టి చూపించాక మీ ఇంట్లో ఎవరికీ తెలియదనడానికి లేదు.

నిజం చెప్పాలంటే, సూర్యాపేట నుంచి తిరుపతి దాకా మీ టైర్ల వంక ఏ పోలీసూ చూడకపోవచ్చు. హెల్మెట్, సీటు బెల్టు, స్పీడు కెమెరా కంట్లో పడతాయి గానీ టైరు పడదు. 2023లో మహారాష్ట్రలో సమృద్ధి ఎక్స్‌ప్రెస్‌వే మీద వరస ప్రమాదాలు జరిగాక రవాణా శాఖ వాళ్లు టైర్లు చూసి, అరిగినవాటిని వెనక్కి పంపడం మొదలుపెట్టారు. అలాంటివి అరుదు. బ్రిటన్‌లో మూడేళ్లు దాటిన కారుకు ఏటా పరీక్ష ఉంటుంది, టైర్లు బాగా లేకపోతే ఫెయిల్ చేస్తారు. మన దగ్గర ట్యాక్సీలకూ లారీలకూ ఫిట్‌నెస్ ఉంది గానీ, సొంత కారుకు రిజిస్ట్రేషన్ 15 ఏళ్లు. అది రెన్యూవల్‌కు వచ్చేదాకా ప్రభుత్వం తరఫున మీ టైరును పరీక్షించే మనిషి లేడు. పొల్యూషన్ సర్టిఫికెట్ ఇచ్చేవాళ్లు పొగ గొట్టం చూస్తారంతే. అందుకే 'ఫైన్ పడుతుందా' అన్న ప్రశ్నకు 'పడకపోవచ్చు' అని జవాబు వచ్చినా, దానితో మీ టెన్షన్ తీరకూడదనే నా ఉద్దేశం.

ఇన్సూరెన్స్ వాళ్లు డబ్బే ఇవ్వరని ఎవరో అన్న మాట అంత సూటిగా నిజం కాదు. మామూలు సమగ్ర పాలసీలో టైరు ఒక్కటే పేలి, కారుకు ఇంకేమీ కాకపోతే టైరుకు డబ్బు రాదు. కారుతో పాటు టైరు కూడా దెబ్బతింటే కొత్త టైరు ధరలో సగం వరకే ఇస్తారు. టైర్ల కోసం విడిగా యాడ్-ఆన్ (అదనంగా డబ్బు కట్టి తీసుకునే కవర్) ఉంటుంది. ఆరేళ్ల టైరుకు అది తీసుకోవడం దండగ. అసలు చిక్కు వేరే చోట ఉంది. వాహనాన్ని సరైన స్థితిలో ఉంచుకోవడం యజమాని బాధ్యత అని పాలసీలోనే షరతు ఉంటుంది. బీమా కంపెనీ పంపిన సర్వేయర్ వచ్చి పగిలిన టైరు ఫొటో తీస్తే కారు రిపేరు క్లెయిమ్ దగ్గర వాదనకు అవకాశం ఇచ్చినట్టే.

టైరు పేలడాన్ని మనం 'మన చేతుల్లో ఏముంది, దేవుడి దయ' అంటుంటాం. కోర్టు అలా అనుకోలేదు. 2010 అక్టోబరులో పుణె నుంచి ముంబయి వెళ్తున్న కారు వెనక టైరు పేలి ఒక మనిషి చనిపోయారు. ట్రిబ్యునల్ ఆయన కుటుంబానికి కోటి పాతిక లక్షల పరిహారం ఇమ్మంది. టైరు పేలడం దైవికమని, తమ బాధ్యత కాదని బీమా కంపెనీ అప్పీలుకు వెళ్లింది. 2023లో బాంబే హైకోర్టు దాన్ని కొట్టేసింది. టైరు పేలడం దైవిక ఘటన కాదు, మనిషి నిర్లక్ష్యం అని చెప్పింది. డబ్బు కట్టింది బీమా కంపెనీయే, కానీ నిర్లక్ష్యం అనే ముద్ర పడింది నడిపిన మనిషి మీద. క్రిమినల్ కేసు విడిగా ఉంటుంది. నిర్లక్ష్యంతో ఒకరి చావుకు కారణమైతే భారతీయ న్యాయ సంహిత 106వ సెక్షన్ కింద ఐదేళ్ల దాకా శిక్ష పడొచ్చు.

రెండు మారిస్తే చాలా అన్నారు. మీ టైర్లు నాలుగూ ఒకే వయసువి, పగుళ్లూ ఒకేలా ఉన్నాయి. కాబట్టి మీకు సగం పని పనికిరాదు. రెండే మార్చాల్సి వచ్చే ఇతర పాఠకుల కోసం ఒక మాట. కొత్త రెండూ వెనక వేయించుకోండి. 'ముందు చక్రాలే కారును లాగుతాయి, కొత్తవి ముందే వేయాలి' అని దాదాపు ప్రతి షాపులోనూ అంటారు. వాన రోడ్డు మీద ముందు టైర్లు జారితే కారు తిన్నగా సాగిపోతుంది, వేగం తగ్గితే మళ్లీ దారికి వస్తుంది. వెనక టైర్లు జారితే కారు బొంగరంలా గిర్రున తిరుగుతుంది. మామూలు డ్రైవరు దాన్ని అదుపు చేయలేడు. మంచి పట్టున్న జత వెనక ఉండాలనడానికి కారణం అదే.

కొనేటప్పుడు సైజు మార్చకండి. పాత టైరు మీద 165/80 ఆర్14 85టీ అని ఉందనుకోండి. 85 అంటే ఒక్కో టైరు 515 కిలోల బరువు మోయగలదని, టీ అంటే గంటకు 190 కిలోమీటర్ల వేగం దాకా పనికొస్తుందని. కొత్త వాటిలో ఈ రెండూ అంతే ఉండాలి, లేదా ఎక్కువ ఉండాలి, తగ్గకూడదు. స్టైలు కోసం వెడల్పాటి టైర్లు, పెద్ద అల్లాయ్ వీల్స్ వేయమని మీ మరిది అన్నా వినకండి. ఐఎస్ఐ మార్కు చూడండి. మన దేశంలో అమ్మే కారు టైర్లకు అది తప్పనిసరి. తయారీ వారం చూసి, ఏడాది దాటిన సరుకైతే వేరేది అడగండి. వాల్వులు కూడా కొత్తవి వేయించండి, ఖర్చు స్వల్పం. బ్యాలెన్సింగ్, అలైన్‌మెంట్ వదలొద్దు. బిల్లు మీద నాలుగు టైర్ల సీరియల్ నంబర్లు రాయించుకుంటే తర్వాత వారంటీకి పనికొస్తుంది. మొదటి రెండు మూడు వందల కిలోమీటర్లు నెమ్మదిగా నడపాలి. కొత్త టైరు పైన నునుపు పోయాకే పూర్తి పట్టు వస్తుంది. రెండు వారాల ముందే మార్చమన్నది అందుకు కూడా.

స్టెప్నీ గురించి ఎవరూ మాట్లాడరు. మీది కూడా 2019దే. డిక్కీలో ఎండ తగలకుండా ఉంది కాబట్టి పగుళ్లు లేకపోతే ఉంచుకోండి. అయితే పంచర్ అయినప్పుడు దగ్గరి ఊరు చేరడానికే వాడండి, దానితో తిరుపతి దాకా వెళ్లొద్దు. దాంట్లో గాలి ఉందో లేదో బయల్దేరే ముందే చూడండి. జాకీ, స్పానర్ ఉన్నాయా, మీ ఆయనకు నట్లు విప్పడం వచ్చా అన్నది ఇంటి దగ్గరే ఒకసారి తేల్చుకోండి. గన్‌తో బిగించిన నట్లు చేతి స్పానర్‌కు ఒక పట్టాన రావు.

పంచర్ సంగతి కూడా. ట్యూబ్‌లెస్ టైరుకు నేలకు తగిలే భాగంలో మేకు గుచ్చుకుంటే స్ట్రిప్ వేసి పంపిస్తారు, అది అప్పటికి చాలు. దూర ప్రయాణం ఉంటే టైరు విప్పించి లోపలి నుంచి ప్యాచ్ వేయించడం మంచిది. పక్కభాగంలో చిల్లు పడితే మాత్రం రిపేరు లేదు. 'వేసేస్తా సార్, ఏం కాదు' అన్నా వేయించుకోకండి.

ప్రయాణం రోజు తెల్లవారుజామునే బయల్దేరండి. మిర్యాలగూడ, పిడుగురాళ్ల మీదుగా అద్దంకి దాటి ఒంగోలు హైవే ఎక్కేసరికి ఎండ ముదరకుండా ఉంటుంది. నాలుగు వరుసల హైవే మీద కార్లకు గరిష్ఠ వేగం గంటకు 100. మే ఎండలో, నిండు కారుతో 80, 90 మధ్య వెళ్తే టైరులో పుట్టే వేడి బాగా తగ్గుతుంది. మధ్యలో ఆగినప్పుడు నాలుగు టైర్ల చుట్టూ ఒకసారి తిరిగి చూడండి. స్టీరింగ్ ఒక పక్కకు లాగుతున్నా, ఎప్పుడూ లేని అదురు మొదలైనా ఆపి చూడాల్సిందే.

ఇంత చేశాక కూడా ఏ ఇనుప ముక్కో గుచ్చుకుని టైరు పేలిందే అనుకోండి. పెద్ద చప్పుడు వస్తుంది, కారు ఒక పక్కకు గుంజుతుంది, కాలు దానంతటదే బ్రేకు మీదికి పోతుంది. ఆ బ్రేకే కారును బోల్తా కొట్టిస్తుంది. స్టీరింగ్‌ను రెండు చేతులతో గట్టిగా పట్టుకుని తిన్నగా ఉంచాలి. యాక్సిలరేటర్ మీద నుంచి కాలు మెల్లగా తీయాలి. వేగం బాగా పడిపోయాకే ఎడమ పక్కకు తీసి ఆపాలి. మీ ఆయనకు ఇది చదివి వినిపించి, తిరిగి చెప్పమనండి. ఆపాక మనుషులందరూ రెయిలింగ్ అవతలికి వెళ్లి నిలబడాలి, కారులో కూర్చోకూడదు. జాతీయ రహదారి మీద సాయానికి 1033కు ఫోన్ చేయండి. అత్తయ్యగారు, పాప వెనక సీట్లో కూర్చుంటారు కాబట్టి వెనక బెల్టులు సీటు కవర్ల కింద ఇరుక్కుపోయి ఉంటే ఇప్పుడే బయటికి తీయండి. వెనక కూర్చున్నవాళ్లకు కూడా బెల్టు తప్పనిసరి.

పాత టైర్లు షాపతను తీసుకుని నాలుగు డబ్బులు తగ్గిస్తానంటాడు. ఇవ్వండి, కానీ ఇచ్చే ముందు ప్రతి టైరు పక్కభాగం మీదా కత్తితో లోతుగా ఒక గాటు పెట్టించండి. గీతలు బాగున్న టైర్లు కదా, అలాగే వదిలేస్తే నల్ల పాలిష్ కొట్టి సెకండ్ హ్యాండ్‌లో ఇంకొకరి కారుకు ఎక్కిస్తారు. గాటు పెడితే తగ్గింపు ఇవ్వనంటే ఆ డబ్బు వదిలేసుకోండి.